మెదక్ నుంచి వచ్చే అమ్మానాన్నలకు బ్రిటన్‌లో పాత చర్చిలు, చాపెళ్లు ఎలా చూపించాలి?

అమ్మానాన్నలు మెదక్ నుంచి ఆరు వారాలు ఉండేందుకు వస్తున్నారు. మీరుండేది రెడింగ్‌లో, కారు లేదు, ఖాళీ దొరికేది శని ఆదివారాలే. వాళ్లకేమో ఇక్కడి పాత చర్చిలు చూడాలని ఉంది. వెస్ట్‌మినిస్టర్ అబ్బే టికెట్ నలుగురికి లెక్కేసుకుని గుండె గుభేల్‌మందన్నారు. చాపెల్ అంటే చిన్న చర్చేనా అని అడిగారు. మీ ఆవిడ హిందువు కాబట్టి లోపలికి రావచ్చో లేదో అని మొహమాటపడుతున్నారన్నారు. ఒక్కొక్కటే చెబుతాను.

నేను బ్రిస్టల్‌లో ఇరవై రెండేళ్లుగా ఉంటున్నాను. మా ఊరి పారిష్ చర్చిలో నెలకో శనివారం తలుపులు తీసి, వచ్చినవాళ్లకు చూపించే వంతు నాది. కాబట్టి మొదట మీ ఆవిడ సంగతి. లోపలికి వచ్చినవాళ్లను మీది ఏ మతం అని ఇక్కడ ఎవరూ అడగరు. ఇంగ్లండ్‌లో పారిష్ చర్చి అంటే ఆ ఊరందరిదీ అని లెక్క. క్రైస్తవులైనా కాకపోయినా వచ్చి కూర్చుని, చూసి వెళ్లిపోవచ్చు. ఆరాధన జరుగుతుంటే వెనక బెంచీలో కూర్చోవచ్చు. అందరూ లేచినప్పుడు లేవడం ఒక మర్యాద, అంతే. రొట్టె, ద్రాక్షారసం ఇచ్చేటప్పుడు ముందుకు వెళ్లాల్సిన పని లేదు. ఆవిడను నిశ్చింతగా రమ్మనండి.

అమ్మానాన్నల సంగతి ఇంకా తేలిక. వాళ్లది సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) అయితే ఆంగ్లికన్ (ఇంగ్లండ్ ప్రభుత్వ మతశాఖ) చర్చిలోనూ మెథడిస్టు చాపెల్‌లోనూ వాళ్లు బయటివాళ్లు కారు. 1947లో దక్షిణ భారతంలో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు కలిసిపోయి సి.ఎస్.ఐ. ఏర్పడింది. అక్కడ కలిసిన శాఖలు ఇక్కడ ఇప్పటికీ వేర్వేరుగానే ఉన్నాయి. మీ చాపెల్ ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది.

చాపెల్ అనే మాట ఇక్కడ మూడు రకాలుగా వాడతారు. కాలేజీకో రాజకోటకో సొంతంగా ఉండేది ఒకటి. కేంబ్రిడ్జిలో కింగ్స్ కాలేజ్ చాపెల్, విండ్సర్‌లో సెయింట్ జార్జ్ చాపెల్ ఆ కోవలోవి. కింగ్స్ చాపెల్ పొడవు 289 అడుగులు, కాబట్టి చాపెల్ అంటే చిన్నది అనుకోకండి. రెండోది, పెద్ద చర్చి లోపలే ఒక పక్కన విడిగా ఉండే ప్రార్థన స్థలం. మూడోదే మీకు అసలు ముఖ్యం. ప్రభుత్వ మతమైన ఆంగ్లికన్ చర్చిని ఒప్పుకోని బాప్టిస్టులు, మెథడిస్టులు, కాంగ్రిగేషనలిస్టులు కట్టుకున్న ప్రార్థన మందిరాలవి. 1662లో చట్టం తెచ్చి, ప్రభుత్వ ప్రార్థన పుస్తకానికి ఒప్పుకోని బోధకులను పదవుల్లోంచి తీసేశారు. అలా దాదాపు రెండు వేల మంది రోడ్డున పడ్డారు. 1689లో సహన చట్టం వచ్చాకే వాళ్లకు లైసెన్సు తీసుకుని సొంత మందిరం పెట్టుకునే వీలు దొరికింది. అందుకే పాత చాపెళ్లు చాలావరకు సందుల్లో, ఇళ్ల మధ్య, గోదాముల్లా కనిపిస్తాయి. శిఖరం ఉండదు, విగ్రహాలుండవు. గోడకు మధ్యలో ఎత్తుగా ప్రసంగ వేదిక ఉంటుంది, చుట్టూ మేడ గ్యాలరీ. లోపలికి అడుగు పెట్టగానే, ఇక్కడ చెవికే పెద్దపీట అని అర్థమైపోతుంది.

మీ అమ్మానాన్నలకు నేనైతే ముందు చూపించేది అబ్బే కాదు, మా బ్రిస్టల్‌లోని న్యూ రూమ్ అనే చాపెల్. కారణం చెబుతాను.

మెదక్ కెథడ్రల్ కట్టించిన చార్లెస్ వాకర్ పోస్నెట్ దొర వెస్లియన్ మెథడిస్టు మిషనరీ అన్నది నాన్నగారికి తెలిసే ఉంటుంది. కరువు రోజుల్లో జనానికి పని, తిండి దొరకాలని 1914లో మొదలుపెట్టి పదేళ్లు కట్టించారు. 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ జరిగింది. ఆ వెస్లియన్ అనే మాట మెథడిస్టు శాఖకు మూలపురుషుడైన జాన్ వెస్లీ పేరు మీద వచ్చింది. ఆ వెస్లీ 1739లో కట్టించిన న్యూ రూమ్, ప్రపంచం మొత్తంలో మెథడిస్టులకు మిగిలిన అన్నిటికన్నా పాత భవనం. అది ఇప్పుడు బ్రాడ్‌మీడ్ అనే షాపింగ్ వీధిలో, బట్టల కొట్ల మధ్య ఉంది. వాకిట్లో గుర్రం మీద కూర్చున్న వెస్లీ కంచు విగ్రహం ఉంటుంది. అది గుర్తు పెట్టుకోకపోతే దాటి వెళ్లిపోతారు.

మెదక్‌లో 175 అడుగుల గోపురం చూసి పెరిగినవాళ్లు న్యూ రూమ్‌లోకి వస్తే మొదట ఆశ్చర్యపోతారు. తెల్ల సున్నం గోడలు, చెక్క బెంచీలు, ఒకదాని మీద ఒకటి ఉండే రెండంతస్తుల ప్రసంగ వేదిక. వెలుతురు పైకప్పు మధ్యనున్న ఎనిమిది పలకల గాజు గూడులోంచి దిగుతుంది. వెస్లీ, ఆయన తోటి బోధకులు బసచేసిన గదులు పైన ఉన్నాయి. ఆ గూడు అద్దాల్లోంచి వాళ్లు కింది చాపెల్‌లోకి చూడగలిగేవాళ్లు. నాన్నగారిని ఆ గూడు పక్కన నిలబెట్టి కిందికి చూడమనండి. ఆ గదుల్లో ఇప్పుడు మ్యూజియం నడుస్తోంది, దానికి టికెట్ ఉంది. చాపెల్‌కు లేదు.

అంత సాదా గదిలో పుట్టిన మతశాఖ మెదక్‌లో అంత భారీ గోతిక్ గుడి ఎలా కట్టింది అని ఆయన అడుగుతారు, చూడండి. 19వ శతాబ్దంలో ఇక్కడి మెథడిస్టులు స్థితిమంతులయ్యారు. అప్పటిదాకా ఆంగ్లికన్లకే చెల్లిన కోసు తోరణాలు, ఎత్తు గోపురాలు వాళ్లూ కట్టుకోవడం మొదలుపెట్టారు. మెదక్ ఆ కాలపు అభిరుచి. దాని వాస్తుశిల్పి థామస్ ఎడ్వర్డ్ హార్డింగ్ ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్ మనిషి. మీరు చిన్నప్పటి నుంచి చూసిన ఆ రంగుటద్దాల కిటికీలు గీసిన ఫ్రాంక్ ఓ. సాలిస్‌బరీ లండన్‌లో పేరుమోసిన చిత్రకారుడు. జాన్ వెస్లీ చిత్తరువు కూడా గీశారు. న్యూ రూమ్ నచ్చితే లండన్‌లో సిటీ రోడ్ మీద వెస్లీ చాపెల్‌కు కూడా తీసుకెళ్లండి. దాన్ని 1778లో తెరిచారు. పక్కనే వెస్లీ ఇల్లు, వెనకాల ఆయన సమాధి.

రెడింగ్ నుంచి బ్రిస్టల్ టెంపుల్ మీడ్స్‌కు నేరుగా రైలుంది. మరిచిపోయి బ్రిస్టల్ పార్క్‌వేలో దిగకండి, అది ఊరికి దూరం. ఆదివారం కాకుండా శనివారం పెట్టుకోండి, ముందు రోజు తెరిచే వేళలు ఒకసారి చూసుకోండి.

అదే రైలు దారి వేల్స్‌కూ పోతుంది. కార్డిఫ్ కూడా మీకు నేరుగా రైలే. వేల్స్‌లో అడుగడుగునా చాపెళ్లే. బొగ్గు గని లోయల్లో ఒక్కో వీధికి రెండు మూడు కూడా కనిపిస్తాయి. చాలావాటికి ఇప్పుడు తాళాలు పడ్డాయి, కొన్ని ఇళ్లుగా, దుకాణాలుగా మారిపోయాయి. అయినా వాటి నుదుటి మీద చెక్కిన పేర్లు చదివితే తెలుగు క్రైస్తవులకు ఒళ్లు పులకరిస్తుంది. ఎబెనెజరు, బేతేలు, హెబ్రోను, సీయోను, బెతెస్ద. మన పల్లెల్లో రేకుల షెడ్డు మీద పెయింటుతో రాసుకునే పేర్లే ఇక్కడ రాతిలో ఉంటాయి. ఉత్తర వేల్స్‌లో బెతెస్ద అని ఏకంగా ఒక ఊరే ఉంది. చాపెల్ పేరే ఊరికి వచ్చింది. అమ్మగారికి బైబిలు బాగా కంఠతా ఉంటే ఆ పేర్లు ఆవిడ చేతనే చదివించండి.

ఇక పాత పారిష్ చర్చిల సంగతి. వీటి దగ్గర మన తెలుగువాళ్లు తలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చేయడం నేను చాలాసార్లు చూశాను. తలుపు మూసి ఉంటే లోపల తాళం ఉందనుకుంటారు. అది బరువైన ఓక్ తలుపు, దానికి ఇనుప కడియం ఉంటుంది. కడియాన్ని లాగితే రాదు, తిప్పాలి. తిప్పితే లోపలి గడియ టక్కున లేస్తుంది. అప్పుడు భుజంతో నెట్టండి. కుడికి రాకపోతే ఎడమకి. పల్లెటూరి చర్చిలు చాలావరకు పగలు పది నుంచి నాలుగు దాకా ఇలా ఊరికే మూసి ఉంటాయి, తాళం ఉండదు. నిజంగా తాళం ఉంటే వసారాలో నోటీసు బోర్డు చూడండి. తాళంచెవి ఏ ఇంట్లో దొరుకుతుందో, ఏ నంబరుకు ఫోన్ చేయాలో రాసి ఉంటుంది. మొదట్లో నాకిది తెలియక మా అమ్మానాన్నలను టాక్సీలో అంత దూరం తీసుకెళ్లి, తాళం చూసి వానలో వెనక్కి వచ్చేశాం. ఆ బోర్డు మీద పక్కింటి నంబరు ఉందని తర్వాత ఫొటోలు చూసుకుంటుంటే తెలిసింది.

లోపల చెప్పులు విప్పక్కర్లేదు. ఈ మాట ముందే చెప్పి ఉంచండి. మా నాన్నగారు మొదటిసారి అలవాటుకొద్దీ వసారాలో బూట్లు విప్పేసి, సాక్సు కూడా తీసేసి లోపలికి నడిచారు. మార్చి నెల, నేలంతా రాతి పలకలు, మంచుగడ్డ మీద నడిచినట్టే. అక్కడ బలిపీఠం దగ్గర పూలు సర్దుతున్న ఒక పెద్దావిడ అది చూసింది. ఏమీ అడగలేదు. బెంచీ కింద నుంచి మోకరించే దిండు ఒకటి తీసి, తెచ్చి ఆయన కాళ్ల కింద పెట్టింది. ఆ దిండ్లు ఊళ్లో ఆడవాళ్లు ఏళ్ల తరబడి దారాలతో కుట్టినవి. ఒక్కోదాని మీద ఒక్కో బొమ్మ, పక్కన కుట్టినవాళ్ల పొడి అక్షరాలు. నాన్నగారు కాళ్లు పెట్టడానికి ఒప్పుకోక దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. దాని మీద ఉన్నది ఒక చిన్న పిట్ట.

ఆడవాళ్లు తలమీద కొంగు కప్పుకోవాలన్న నియమం కూడా ఇక్కడ లేదు, కప్పుకుంటే తప్పూ లేదు. మగవాళ్లు మాత్రం టోపీ తీయాలి. జూలైలో కూడా లోపల చల్లగానే ఉంటుంది కాబట్టి స్వెటర్ చేతిలో ఉండాలి. చిన్న చర్చిల్లో టాయిలెట్ ఉంటుందన్న ఆశ పెట్టుకోకండి. పెద్దవాళ్లతో వెళ్లేటప్పుడు అసలు టెన్షన్ ఇదే. స్టేషన్లోనో టీ కొట్లోనో ముందే చూసుకోండి. శనివారం మధ్యాహ్నాలు పెళ్లిళ్లుంటాయి, అప్పుడు కాసేపు బయట సమాధుల మధ్య తిరిగి రండి.

పారిష్ చర్చిలు మామూలుగా ఉచితం. గోడలోనో గుమ్మం పక్కనో చందా పెట్టె ఉంటుంది, ఇప్పుడు చాలాచోట్ల కార్డు ఆనించే మిషను కూడా పెట్టారు. తోచినంత వేయండి. పైకప్పు సీసం రేకులు, వాన కాలువలు బాగుచేయించుకోవడానికి ఆ ఊరి ముప్పై నలభై మందే డబ్బు పోగుచేసుకుంటారు. ప్రభుత్వం భరిస్తుందనుకుంటారు మనవాళ్లు. రోజువారీ ఖర్చులో పైసా కూడా ప్రభుత్వానిది కాదు.

పెద్ద చర్చిలకు టికెట్ లేకుండా వెళ్లే దారి ఈవెన్‌సాంగ్, అంటే సాయంకాలపు పాటల ఆరాధన. దానికి డబ్బు తీసుకోరు. వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో, సెయింట్ పాల్స్‌లో కూడా అంతే. ముప్పావుగంట పడుతుంది, ఎక్కువగా సాయంత్రం ఐదు గంటల ప్రాంతంలో మొదలవుతుంది. మీకు దగ్గర్లో విండ్సర్ ఉంది, స్లౌలో రైలు మారితే చాలు. అక్కడి సెయింట్ జార్జ్ చాపెల్‌ను 1475లో నాలుగో ఎడ్వర్డ్ మొదలుపెట్టించారు. ఎనిమిదో హెన్రీ, రెండో ఎలిజబెత్ రాణి ఇద్దరి సమాధులూ అందులోనే ఉన్నాయి. ఈవెన్‌సాంగ్‌కు వచ్చామని గేటు దగ్గర చెబితే కోట టికెట్ లేకుండానే పంపిస్తారు. ఆ సమయంలో తిరిగి చూడటం, ఫొటోలు తీయడం కుదరదు. కూర్చుని వినడమే. నా మటుకు ఆ రాతి కప్పుల కింద అబ్బాయిల గొంతులు వినడం, చేతిలో మ్యాప్ పట్టుకుని సమాధులు లెక్కపెట్టడం కన్నా ఎంతో మేలు.

చూసేటప్పుడు కంటికి ఒక్క సంగతి నేర్పండి. ఈ చర్చిల తెల్ల గోడలు మొదటి నుంచీ తెల్లవి కావు. మధ్యయుగంలో గోడల నిండా రంగుల బొమ్మలుండేవి. ఎనిమిదో హెన్రీ కాలంలో రోమ్‌లోని పోప్‌తో తెగతెంపులయ్యాక, ముఖ్యంగా 1547 తర్వాత ఆయన కొడుకు ఆరో ఎడ్వర్డ్ రోజుల్లో, విగ్రహాలు పగలగొట్టారు, బొమ్మల మీద సున్నం కొట్టారు. ఆ సున్నమే కొన్నిచోట్ల బొమ్మలను కాపాడింది. సాలిస్‌బరీ అనే ఊరికి వెళ్లినవాళ్లంతా అక్కడి కెథడ్రల్‌లో 404 అడుగుల శిఖరం, 1215 నాటి మాగ్నా కార్టా (రాజు అధికారానికి హద్దులు పెట్టిన పత్రం) చూసి రైలెక్కేస్తారు. మీరు మాత్రం సంత వీధి పక్కనున్న సెయింట్ థామస్ చర్చిలోకి తప్పకుండా వెళ్లండి. బలిపీఠం ముందు తోరణం పైన, దాదాపు 1475లో వేసిన తీర్పు దినం బొమ్మ ఉంది. 1593లో సున్నం కొట్టేశారు. 1819లో దాని జాడ మళ్లీ బయటపడింది, 1881లో పూర్తిగా వెలికితీశారు. పైన ఇంద్రధనుస్సు మీద క్రీస్తు కూర్చుని ఉంటాడు. ఎడమ పక్క సమాధులు తెరుచుకుని చనిపోయినవాళ్లు లేస్తుంటారు. కుడి పక్క పెద్ద జంతువు నోరు తెరుచుకుని ఉంటుంది, అదే నరకద్వారం. దయ్యాలు జనాన్ని అందులోకి లాగుతుంటాయి. సారా అమ్మే ఆవిడ చేతిలో జాడీతో సహా పోతుంటుంది. కిరీటం పెట్టుకున్నవాళ్లను కూడా వదలలేదు. మన దగ్గర యమలోకపు శిక్షల బొమ్మలు చూసిన మీ ఆవిడకు దీన్ని ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

కారు లేదన్నారు కాబట్టి ఇంకో రోజు ఇలా పెట్టుకోండి. రెడింగ్ నుంచి గాట్విక్ వైపు వెళ్లే రైలు గిల్‌ఫర్డ్ మీదుగా డోర్కింగ్ డీప్‌డీన్‌లో ఆగుతుంది. డోర్కింగ్ శ్మశానవాటికలో సర్ ఆర్థర్ కాటన్ సమాధి ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాటన్ దొర ఆ ఊళ్లోనే 1899 జూలైలో కన్నుమూశారు. గోదావరి జిల్లాలవాళ్లు ఎంతో దూరం నుంచి వచ్చి అక్కడ పూలు పెట్టి వెళతారు. మెదక్‌వాళ్లయినా ఆ గోదావరి బియ్యం తినకుండా ఉండి ఉండరు కదా.

తిరుగు ప్రయాణంలో గిల్‌ఫర్డ్‌లో దిగి కాంప్టన్ ఊరికి బస్సో టాక్సీయో పట్టుకోండి, మూడు మైళ్లు. అక్కడ వాట్స్ శ్మశాన చాపెల్ ఉంది. బ్రిటన్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చాపెల్ ఇదే. చిత్రకారుడు జార్జ్ ఫ్రెడరిక్ వాట్స్ భార్య మేరీ వాట్స్, ఊరివాళ్లకు మట్టిపని నేర్పి, వాళ్ల చేతులతోనే దీన్ని కట్టించింది. పని 1895లో మొదలైంది. మట్టి కూడా అక్కడిదే. పొలం పనివాళ్లు, ఇంటి పనివాళ్లు సాయంత్రాలు ఆవిడ ఇంటికి వచ్చి బొమ్మలు ఒత్తేవారు. బయట ఎర్ర మట్టి పలకలు, తలుపు చుట్టూ వరుసగా దేవదూతల ముఖాలు.  దగ్గరికి వెళ్లి ఒక్కొక్కటే చూడండి. లోపలికి వెళితే కాసేపు చీకటి. ఏమీ కనిపించడం లేదని వెనక్కి రాకండి. రెండు నిమిషాలు కళ్లు అలవాటు పడనివ్వండి. అప్పుడు గోడల నుంచి కప్పు దాకా బంగారు పూత, ఎరుపు, ఆకుపచ్చ, రెక్కలు చాచిన నిలువెత్తు దేవదూతలు ఒక్కొక్కరే పైకి తేలతారు. 1904లో ముగిసిన పని అది.

స్కాట్లండ్ వెళ్లే ఆలోచన ఉంటే ఎడిన్‌బరా దగ్గర 1446 నాటి రాస్లిన్ చాపెల్ చూడండి. రాతి చెక్కుడు మన లేపాక్షి, రామప్ప చూసిన కళ్లకు కూడా ఆనుతుంది. కానీ దానికి టికెట్ ఉంది, లోపల ఫొటోలు తీయనివ్వరు. రద్దీ కూడా ఎక్కువే. అక్కడి నిధుల కథలు, గుప్త సంఘాల కథలు నమ్మి వెళితే నిరాశపడతారు, చెక్కుడు కోసం వెళితే పడరు.

జనం రాక మూతపడిన పారిష్ చర్చిలను ఇంగ్లండ్‌లో చర్చెస్ కన్సర్వేషన్ ట్రస్ట్ అనే సంస్థ కాపాడుతోంది. 1969లో పెట్టారు, ఇప్పుడు 350కి పైగా చర్చిలు దాని చేతిలో ఉన్నాయి. వాళ్ల వెబ్‌సైట్‌లో మీ ఊరి పేరు కొడితే దగ్గర్లో ఏవున్నాయో, ఏది ఎప్పుడు తెరుస్తారో వస్తుంది. సెప్టెంబరు దాకా వాళ్లు ఉంటే హెరిటేజ్ ఓపెన్ డేస్ అని ఒక పది రోజులుంటాయి. మామూలుగా తాళం వేసి ఉండే చర్చిలు, చాపెళ్లు కూడా అప్పుడు తెరుస్తారు, డబ్బు తీసుకోరు.

చాలా చర్చిల్లో గుమ్మం దగ్గర విజిటర్స్ బుక్ ఉంటుంది. నాన్నగారి చేత అందులో తెలుగులోనే రాయించండి, పేరు పక్కన మెదక్ అని కూడా. మరమ్మతులకు సాయం అడిగేటప్పుడు ఎంతమంది వస్తున్నారో చూపించడానికి ఆ పుస్తకం పనికొస్తుంది. మా చర్చిలో అయితే వంతు అయిపోయాక ఆ రోజు రాసినవన్నీ కూర్చుని చదువుకుంటాం. బయటికి వచ్చేటప్పుడు తలుపు దగ్గరికి లాగి, గడియ పడిన చప్పుడు వినిపించాకే కదలండి. తెరిచి ఉంటే పిట్టలు లోపలికి వచ్చి, కిటికీ అద్దాలకు కొట్టుకుని చచ్చిపోతాయి.